వకీలు గారికి ఉత్తరం: కవరు మీది పేరు నుంచి కింది సంతకం దాకా

చెన్నై జార్జిటౌన్‌లో తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, అర్మీనియన్ వీధి. ఈ మూడింటిలో ఏ పాత మేడ మెట్లెక్కినా గోడకు నాలుగైదు వకీళ్ల పేరు పలకలు కనిపిస్తాయి. హైకోర్టు ఎర్ర గోపురాలు అక్కడికి పిలిస్తే పలికే దూరం. ఆ పక్కనే ఒక తెలుగువారి హార్డ్‌వేర్ టోకు కొట్టులో ఉత్తరప్రత్యుత్తరాలు చూడటం నా పని. రాని బాకీలు, గోడౌను అద్దె తగాదాలు, బౌన్సయిన చెక్కులు, బెంగళూరు బ్రాంచి ఒప్పందాలు... ఏదో ఒక వంకతో వారానికి ఒకటి రెండైనా వకీళ్లకు ఉత్తరాలు వెళుతూనే ఉంటాయి.

చేరిన కొత్తలో మా పెద్దాయన, అంటే యజమాని, "ప్లీడరు గారికి రాస్తున్నామమ్మా, కాస్త ఘనంగా ఉండాలి" అన్నారు. ఘనంగానే రాశాను. నాలుగు విశేషణాలు, రెండు సమాసాలు, చివర పాదాభివందనం లాంటిదొకటి. మర్నాడు వకీలు గారి గుమాస్తా ఫోను చేశారు. "అమ్మా, సన్మానపత్రం అందింది. ఏ కేసు గురించో మాత్రం అందులో లేదు" అన్నారు. పొగడ్తల హడావిడిలో కేసు నంబరు వేయడం మరిచిపోయాను.

వకీలును సంబోధించడంలో పొగడ్తకు చోటు చాలా తక్కువ. ఆయన ఎవరి తరఫున, ఏ హోదాలో, ఏ వ్యవహారంలో ఈ ఉత్తరం అందుకుంటున్నారో చదివేవారికి తడుముకోకుండా తెలియాలి. చదివేది ఆయన ఒక్కరే అనుకోకండి. మూడేళ్ల తర్వాత అదే కాగితం కోర్టులో దాఖలు కావచ్చు. చెన్నై సివిల్ కోర్టుల్లో వాది పత్రాలకు ఎ-1, ఎ-2 అనీ, ప్రతివాది పత్రాలకు బి-1, బి-2 అనీ గుర్తు వేస్తారు. బెంగళూరులో అవే పి-1, డి-1 అవుతాయి. ఆ గుర్తు పడ్డాక మీ మొదటి పంక్తిని జడ్జి గారూ చదువుతారు, మిమ్మల్ని ఇరుకున పెట్టాలని చూసే ఎదుటి వకీలూ చదువుతారు.

మొదటి పని: ఆయన ఏ కుర్చీలో ఉన్నారో తేల్చుకోవడం

కాగితం తీయకముందే తేలవలసిన సంగతి ఇది. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

మన దేశంలో ఒకప్పుడు వకీలు, ప్లీడరు, ముఖ్తారు, అటార్నీ, బారిస్టరు అని రకరకాల తరగతులు ఉండేవి. ఎవరు ఏ కోర్టులో నిలబడవచ్చో ఆ తరగతిని బట్టి ఉండేది. టంగుటూరి ప్రకాశం రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పనిచేసి, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చాకే మద్రాసు హైకోర్టులో వాదించగలిగారు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ఈ మెట్లన్నీ తీసేసి, న్యాయవాద వృత్తికి అడ్వకేటు అనే ఒకే తరగతిని నిలిపింది. అందుచేత ఇవాళ అధికారిక ఉత్తరంలో రాయవలసిన మాట 'న్యాయవాది', ఇంగ్లీషు ఉత్తరమైతే 'అడ్వకేట్'. మాట్లాడేటప్పుడు 'వకీలు గారు', 'ప్లీడరు గారు', 'లాయరు గారు' అన్నీ మర్యాదైన మాటలే. మా పెద్దాయన ఇప్పటికీ ప్లీడరు గారనే అంటారు, ఆయన నోట అది బాగుంటుంది కూడా. కవరు మీద మాత్రం న్యాయవాది అనే రాయండి.

ఆ ఒక్క తరగతిలోనే చట్టం 16వ సెక్షను ఒక తేడా ఉంచింది. సుప్రీంకోర్టు గానీ హైకోర్టు గానీ కొందరికి సీనియర్ అడ్వకేటు హోదా ఇస్తుంది. ఇక్కడ ఒక మాట పట్ల జాగ్రత్త అవసరం. చాంబరులో పనిచేసే జూనియర్లందరూ తమకు పని నేర్పే వకీలును 'మా సీనియర్' అంటారు. అది గురువు అనే అర్థంలో వాడే మాట. కోర్టు ఇచ్చిన హోదా అదే కానక్కర్లేదు. జూనియర్ ఫోనులో "మా సీనియర్‌కు రాయండి" అన్నారు కదా అని కవరు మీద 'సీనియర్ న్యాయవాది' అని రాస్తే, లేని బిరుదు తగిలించినట్టవుతుంది. అందుకున్నవారికి అది ఇబ్బందే. ఆయన ఉత్తర శీర్షికలో ఏముందో అదే రాయండి.

నిజంగా హోదా ఉన్న సీనియర్ అడ్వకేటుకైతే మీరు నేరుగా ఉత్తరమే రాయకూడదు. ఆయన వకాలతు, అంటే ఫలానా కక్షిదారు తరఫున వాదించే అధికారం ఇచ్చే పత్రం, దాఖలు చేయరు. కక్షిదారు నుంచి నేరుగా సూచనలు తీసుకోరు. న్యాయవాద వృత్తికి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అలా నిర్ణయించింది. వకాలతు వేసిన న్యాయవాది కేసు కట్ట తయారుచేసి ఆయనకు అందిస్తారు. ఈ సంగతి తెలియక ఒకసారి నేను ఒక పెద్ద సీనియర్ గారి పేరున, మా గోడౌను కథంతా పూసగుచ్చి, ఐదు పేజీలు పంపాను. రెండు రోజులకు మా వకీలు గారు ఫోను చేసి, ఎంతో నెమ్మదిగా, "ఇకమీదట ఏది రాసినా నాకే రాయండమ్మా, వారికి నేను అందజేస్తాను" అన్నారు. ఆ నెమ్మదిలోనే నాకు అర్థమైంది, అక్కడ ఆయన తలవంచుకోవలసి వచ్చిందని. సీనియర్ గారికి ఏదైనా చెప్పాలంటే ఉత్తరం మీ న్యాయవాది పేరునే రాసి, లోపల 'సీనియర్ న్యాయవాది ఫలానా గారి దృష్టికి తీసుకువెళ్లగలరు' అని ఒక వాక్యం చేర్చండి.

ఇక కంపెనీల్లో లీగల్ మేనేజరు, జనరల్ కౌన్సెల్ వంటి పదవుల్లో ఉండేవారు. బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలతో పనిపడినప్పుడు వీరికే ఎక్కువగా రాస్తుంటాం. వీరు లా చదివినవారే, ఒకప్పుడు కోర్టులో వాదించినవారూ కావచ్చు. కానీ పూర్తికాలపు జీతం మీద ఉద్యోగంలో చేరిన న్యాయవాది ప్రాక్టీసు ఆపాలని బార్ కౌన్సిల్ నియమాల్లో 49వది చెబుతోంది. కాబట్టి వీరిని న్యాయవాది అని సంబోధించకండి. పేరు, కింద పదవి, ఆ కింద కంపెనీ పేరు. అంతే. ఈ తేడా మర్యాదతోనే ఆగిపోదు. కక్షిదారు తన న్యాయవాదికి చెప్పుకున్న మాటలకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షను గోప్యత ఇస్తుంది. జీతం మీద పనిచేసే లీగల్ ఉద్యోగులకు ఆ సెక్షను రక్షణ వర్తించదని 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు తేల్చింది. మీ కంపెనీలోనే లీగల్ విభాగం ఉంటే, వారికి రాసిన ప్రతి మాటా బయటి వకీలుకు రాసినంత భద్రం అనుకోవద్దు.

పేటెంట్ ఏజెంటు కూడా న్యాయవాది కానక్కర్లేదు, సైన్సు చదివి పరీక్ష రాసినవారు చాలామంది ఉంటారు. పవర్ ఆఫ్ అటార్నీ పట్టుకున్న వ్యక్తి వకీలే కాదు, మరొకరి బదులు సంతకం చేసే అధికారం ఉన్నవాడు మాత్రమే. ప్రభుత్వ ప్లీడరు, పబ్లిక్ ప్రాసిక్యూటరు, అడ్వకేట్ జనరల్ వంటివారికి రాసేటప్పుడు పదవి పేరునే ముందుంచండి. మనిషి మారినా ఆ కుర్చీకి ఉత్తరం చేరాలి కదా.

పేరు రాయడం

దక్షిణాదిలో ఇది తేలిక పని కాదు. ఇంగ్లీషు మర్యాద పుస్తకాలు 'మిస్టర్ తర్వాత చివరి పేరు రాయండి' అంటాయి. ఆ సూత్రం చెన్నైలో పట్టుకుంటే మునిగినట్టే. తమిళుల పేర్లలో మొదటి ఇనీషియల్ సాధారణంగా తండ్రి పేరుది. దాన్ని విడదీసి పేరు తర్వాత రాసుకునేవారూ ఉన్నారు. లక్ష్మి సుబ్రమణియన్ అని ఉంటే సుబ్రమణియన్ ఆవిడ తండ్రో భర్తో అయి ఉంటారు. 'మిస్ సుబ్రమణియన్' అని మొదలుపెడితే ఆవిడను వదిలేసి మరొకరిని పిలిచినట్టే. కన్నడిగుల పేర్ల ముందు ఊరి పేరు, తండ్రి పేరు రెండూ పొడి అక్షరాల్లో ఉంటాయి. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. అదే మనిషి పాస్‌పోర్టులో తిరగబడి కనిపిస్తారు.

అందుకని నేను పాటించే పద్ధతి ఒకటే. ఆయన నోటీసు మీద గానీ వకాలతు మీద గానీ పేరు ఎలా ఉందో, ఇనీషియల్స్ ఏ వరుసలో ఉన్నాయో, అక్షరం మార్చకుండా అలాగే దించుకుంటాను. వెంకటేశన్ అని రాసుకునేవారిని వెంకటేశం అని తెలుగు చేయను. సంబోధనలో కూడా పూర్తి పేరే వాడతాను. పేరు సరిగా తెలుసుకోవడానికి వకాలతు నమ్మకమైన కాగితం. ఆయన నమోదు సంఖ్య కూడా అక్కడ దొరుకుతుంది. తమిళనాడు బార్ కౌన్సిల్లో నమోదైనవారికి ఆ సంఖ్య ముందు ఎం.ఎస్. అనే అక్షరాలు ఉంటాయి, మద్రాసు నాటి గుర్తు అది. కర్ణాటకవారికి కె.ఎ.ఆర్. అని ఉంటుంది. తర్వాత వరుస సంఖ్య, నమోదైన సంవత్సరం. ఉత్తరంలో ఈ సంఖ్య రాయనక్కర్లేదు. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు వకీళ్లు ఉన్న కోర్టులో మీ దస్త్రంలో రాసి ఉంచుకుంటే పనికొస్తుంది.

మహిళా న్యాయవాదులకు రాసేటప్పుడు శ్రీమతి అనాలా, కుమారి అనాలా అని తల పట్టుకోవద్దు. వారి పెళ్లి సంగతి మనకు అనవసరం. 1923లో ప్రత్యేకంగా ఒక చట్టం చేస్తే గానీ ఈ దేశంలో మహిళలకు వకీలు వృత్తిలోకి దారి సాఫీ కాలేదు. అంత కష్టపడి సంపాదించుకున్న న్యాయవాది అనే మాటే వారి పేరు పక్కన ఉండనివ్వండి. తెలుగులో మనకున్న సుఖం 'గారు'. ఆడవారికీ మగవారికీ, చిన్నవారికీ పెద్దవారికీ అదే. ఇంగ్లీషులో రాసేవారు 'మిజ్' (Ms.) వాడితే సరిపోతుంది.

పేరుకు ముందూ వెనుకా

ముందు 'శ్రీ' ఒకటి చాలు. పిహెచ్‌డి ఉన్నవారైతే 'డాక్టర్' అని రాసి 'శ్రీ' తీసేయండి. వెనుక 'గారు', దాని కింది వరుసలో 'న్యాయవాది'. 'అడ్వకేట్' అనే మాటను పేరుకు ముందు బిరుదులా తగిలించే అలవాటు కొన్ని రాష్ట్రాల్లో ఉంది, అది తప్పని అనను. చెన్నైలో మాత్రం పేరు తర్వాత రాయడమే పద్ధతి. బి.ఏ., బి.ఎల్. వంటి డిగ్రీలు ఆయన పలక మీద ఉంటాయి. మీ కవరు మీద అవసరం లేదు.

రాయకూడనివి ఇంకా ముఖ్యం. 'లర్నెడ్' అనే విశేషణం కోర్టు హాల్లో ఒక వకీలు మరొకరిని ఉద్దేశించి నిలబడి అనే మాట. వ్యాపారి ఉత్తరంలో అది ఎరువు తెచ్చుకున్న కోటులా ఉంటుంది. 'ఆనరబుల్' జడ్జీలకు, రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారికి. వకీలుకు కాదు. తెలుగులో 'గౌరవనీయులైన' అన్నది ఎవరికైనా వాడే మర్యాద మాట కాబట్టి దానికి దోషం లేదు. 'ప్రముఖ క్రిమినల్ న్యాయవాది', 'మాజీ న్యాయమూర్తి', 'బార్ కౌన్సిల్ మాజీ అధ్యక్షులు' వంటివి కూడా వద్దు. ఒక వకీలు తన సొంత పేరు పలక మీద, ఉత్తర కాగితం మీద ఇలాంటివి వేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లో 36వది చెబుతోంది. ఆయన తనకు తాను వేసుకోకూడనిది మనం ఎందుకు వేయాలి?

మా పెద్దాయనకు ఇదంతా బోసిగా కనిపిస్తుంది. వారి నాన్నగారి కాలంలో ఉత్తరం 'మహారాజరాజశ్రీ' అని మొదలయ్యేదట. నిజమే. బ్రిటిషువారి మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో సర్కారు కాగితాల్లో కూడా ఇంగ్లీషు పొడి అక్షరాల్లో దాన్ని పేరుకు ముందు వేసి, తెలుగువారైతే చివర 'గారు' అనీ, తమిళులైతే 'అవర్గళ్' అనీ రాసేవారు. కలెక్టరు కచేరీ గుమాస్తాకూ మహారాజరాజశ్రీయే, ఊరి కరణానికీ మహారాజరాజశ్రీయే. అందరూ మహారాజులైన చోట ఆ మాటకు బరువేముంది అని ఒకసారి అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ, ఏటా ఉగాది శుభాకాంక్షల కార్డు మీద మాత్రం వకీలు గారికి అలాగే రాయిస్తారు. అది వ్యాపార ఉత్తరం కాదు కనుక నేనూ అడ్డు చెప్పను.

సంస్థకు రాసేటప్పుడు పేరుకు ముందు 'మెస్సర్స్' వాడండి. ఒక్క మనిషి పేరు ముందు మెస్సర్స్ రాయడం మన కొట్ల బిల్లుల్లో కనిపించే పొరపాటు. సంస్థకే రాస్తున్నా, మీ వ్యవహారం చూసే న్యాయవాది పేరు తెలిస్తే చిరునామా కింద 'ఫలానా గారి దృష్టికి' అని చేర్చండి. లేకపోతే ఉత్తరం బల్ల నుంచి బల్లకు తిరుగుతుంది.

చిరునామా

చెన్నైలో కొత్త నంబరు, పాత నంబరు రెండూ రాయండి. పోస్ట్‌మన్ పాతదాన్ని గుర్తుపెట్టుకుంటారు, కొరియర్ కుర్రవాడు కొత్తదాన్ని వెతుక్కుంటాడు. హైకోర్టు ఆవరణలోని చాంబర్లకైతే చాంబరు నంబరు తప్పనిసరి, పిన్‌కోడు 600104. జార్జిటౌన్ వీధులకు 600001. బెంగళూరులో మెయిన్ రోడ్డు, క్రాస్ రోడ్డు నంబర్లు రెండూ లేకపోతే ఆ ఇల్లు దొరకదు. వకీలు ఇంటికి ఉత్తరం పంపకండి, ఆయనే అడిగితే తప్ప.

సంబోధన

ఇంగ్లీషు ఉత్తరంలో 'డియర్ సర్' లేదా 'డియర్ మేడమ్'. ఎవరో తెలియని సంస్థకు ఒకప్పుడు 'డియర్ సర్స్' అనేవారు. ఆ సంస్థలో సగం మంది ఆడవారైనప్పుడు అది చెల్లదు, 'సర్', 'మేడమ్' రెండూ రాయండి. మనకు ఇష్టమైన 'రెస్పెక్టెడ్ సర్' బడిలో సెలవు చీటీ నుంచి వచ్చింది, వ్యాపార ఉత్తరంలో వదిలేయవచ్చు. తెలుగులో 'అయ్యా', 'అమ్మా' రెండూ నిండైన మాటలు. ఆర్యా అన్నా బాగుంటుంది, కొంచెం పాతబడింది. బెంగళూరులో కన్నడంలో రాయవలసి వస్తే 'మాన్యరే' అని మొదలుపెడతారు. ఇక్కడ తమిళంలో 'మదిప్పిర్కురియ ఐయా'. ఎదుటి పక్షం వకీలు తెలుగువారని తెలిసినా, ఆయన నోటీసు ఏ భాషలో వచ్చిందో జవాబు ఆ భాషలోనే వెళ్లాలి. చుట్టరికం కలపడానికి ఇది సందర్భం కాదు.

విషయం, సూచిక

నా సన్మానపత్రం కథ గుర్తుంది కదా. ఒక చాంబరులో వందల కట్టలు ఉంటాయి. మీ ఉత్తరం ఏ కట్టలోకి వెళ్లాలో గుమాస్తా రెండు క్షణాల్లో చూసి చెప్పగలగాలి. కోర్టు పేరు, కేసు నంబరు, పక్షాల పేర్లు విషయంలో ఉండాలి. చెన్నైలో ఇంకో చిక్కు ఉంది. హైకోర్టుకు ఒరిజినల్ సైడ్, అంటే దావాలను నేరుగా అక్కడే వేయగలిగే విభాగం, ఉంది కాబట్టి అక్కడ వేసిన దావా సి.ఎస్. (సివిల్ సూట్) అవుతుంది, సిటీ సివిల్ కోర్టులో వేసినది ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్) అవుతుంది. నంబరు ఒకటే అయినా కోర్టు పేరు రాయకపోతే వేరే దావా అనుకోవచ్చు. ఈ-కోర్టుల వెబ్‌సైటులో ప్రతి కేసుకూ విడిగా ఉండే సి.ఎన్.ఆర్. సంఖ్య, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం 16, తెలిస్తే అది కూడా వేయండి. కేసు ఇంకా కోర్టుకు వెళ్లకపోతే ఆయన నోటీసు తేదీ, దాని మీది నంబరు సూచికగా సరిపోతాయి.

ఇప్పటిదాకా చెప్పినదాన్ని ఒక చోట పెడితే ఇలా ఉంటుంది:

శ్రీ ఫలానా గారికి,
న్యాయవాది,
చాంబరు నంబరు, వీధి, చెన్నై 600001.

విషయం: సిటీ సివిల్ కోర్టు, చెన్నై, ఓ.ఎస్. నంబరు ఫలానా. గోడౌను అద్దె బకాయి.
సూచిక: ఫలానా తేదీ నాటి మీ ఉత్తరం.

అయ్యా,
పై వ్యవహారంలో మీరు అడిగిన అద్దె రసీదుల నకళ్లు మూడు దీనితో జతచేస్తున్నాము. నాలుగోది దొరకలేదు. దాని బదులు బ్యాంకు ఖాతా వివరం పంపుతున్నాము.

ఇంతే. 'మీరు కుశలమని తలుస్తాము' వద్దు, 'మీ అమూల్యమైన సమయాన్ని' వద్దు. సొంత వకీలుకు రాసేటప్పుడు సంబోధన పొడిగా ఉన్నా ఫర్వాలేదు, వాస్తవాలు దాచకుండా, తేదీల వరుసలో, జతపరచిన కాగితాల జాబితాతో ఉండాలి.

ఎదుటి పక్షం వకీలుకు జవాబు

లీగల్ నోటీసు చేతికి రాగానే చాలామందికి కోపం వస్తుంది, ఆ కోపం నోటీసు మీద సంతకం పెట్టిన మనిషి మీదకు మళ్లుతుంది. ఒకసారి మా పెద్దాయన జవాబు తానే చెప్పి రాయించబోయారు. "నీకు మేమేం బాకీ ఉన్నామయ్యా?" అని మొదటి వాక్యం. నేను కలం కింద పెట్టేశాను. ఆ వకీలుకు మనం బాకీ లేము, ఆయనా మనకు బాకీ లేరు. ఆయన తన కక్షిదారు చెప్పినది కాగితం మీద పెట్టారు, అంతే. తెలుగులో నువ్వు, మీరు తేడా ఉన్నందుకు ఆ కోపం ఇంకా స్పష్టంగా అచ్చుపడుతుంది. ఇంగ్లీషులో దాక్కునేది తెలుగులో దాక్కోదు.

కాబట్టి జవాబు ఎదుటి వకీలు పేరున వెళ్లాలి, 'మీరు' అనే మాట ఆయన రాసిన ఉత్తరానికి మాత్రమే వాడాలి. ఆరోపణలన్నింటికీ కర్త 'మీ కక్షిదారు'. 'మీరు సరుకు ఆలస్యంగా పంపారు' కాదు, 'మీ కక్షిదారు సరుకు ఆలస్యంగా పంపారు'. ఈ ఒక్క మార్పుతో ఉత్తరం స్వరమే మారిపోతుంది. మొదటి వాక్యం ఇలా నడిపిస్తాను: 'మీ కక్షిదారు ఫలానా సంస్థ తరఫున మీరు ఫలానా తేదీన పంపిన నోటీసు ఫలానా తేదీన మాకు అందింది.' అందిన తేదీ తప్పక రాయండి, గడువులు దాన్ని బట్టే లెక్కకు వస్తాయి. చెక్కు బౌన్సు నోటీసైతే అది అందిన నాటి నుంచి డబ్బు కట్టడానికి 15 రోజులే గడువు. అలాంటిదానికి మీరు సొంతంగా జవాబు రాయకండి, ఆ రోజే మీ వకీలు దగ్గరకు తీసుకెళ్లండి. ఎంత చక్కగా సంబోధించినా, తెలియక ఒప్పుకున్న ఒక్క మాట మీ మెడకు చుట్టుకుంటుంది.

మీ తరఫున వకీలు రంగంలోకి దిగాక ఎదుటి వకీలు ఆ తగాదా గురించి మీతో నేరుగా మాట్లాడకూడదు, మీ వకీలు ద్వారానే నడపాలి. వారి వృత్తి నియమాల్లో 34వది అదే చెబుతోంది. అయినా ఫోను వస్తే, ఉత్తరం వస్తే, ఒక్క వాక్యం చాలు: 'ఈ వ్యవహారం మా న్యాయవాది ఫలానా గారు చూస్తున్నారు, దయచేసి వారిని సంప్రదించగలరు.' ఇంకో మాట చేర్చకండి.

విదేశీ వకీళ్లు

బెంగళూరువారికి ఇది మాకంటే ఎక్కువ అవసరం. అమెరికాలో వకీలును అటార్నీ అంటారు, కవరు మీద పేరు తర్వాత 'ఎస్క్వైర్' అనే మాటను పొడి అక్షరాల్లో చేరుస్తారు. అది చేర్చినప్పుడు ముందు మిస్టర్ ఉండకూడదు. సంబోధనలో మాత్రం ఎస్క్వైర్ తీసేసి మామూలుగా మిస్టర్ లేదా మిజ్, వెంట ఇంటిపేరు. మన దేశంలో పాత కాగితాల్లో ఎస్క్వైర్ కనిపిస్తుంది, కానీ అది దొరలకు మర్యాదగా వాడినది, వకీలు అనే అర్థం దానికి లేదు. ఇంగ్లండులో కక్షిదారుతో ఉత్తరాలు నడిపేది సాధారణంగా సొలిసిటరు, కోర్టులో వాదించేది బారిస్టరు. పేరు తర్వాత కె.సి. అని ఉంటే కింగ్స్ కౌన్సెల్, మన సీనియర్ అడ్వకేటు లాంటి హోదా. 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ రాణి కన్నుమూసేదాకా అది క్యూ.సి. మీ చిరునామాల పుస్తకంలో పాత అక్షరాలు ఉంటే దిద్దుకోండి.

ముగింపు, ఈమెయిలు

తెలుగులో 'భవదీయ' చాలు. 'తమ విధేయుడు' ఉద్యోగి అధికారికి రాసేది, మీరు వకీలుకు విధేయులు కారు. ఇంగ్లీషులో డియర్ సర్ అని మొదలుపెడితే 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ', పేరుతో మొదలుపెడితే 'యువర్స్ సిన్సియర్లీ'. సంతకం కింద పేరు, పదవి, ఏ సంస్థ తరఫున అన్నది ఉండాలి.

ఈమెయిలులోనూ ఇదే వరుస. అదనంగా ఒక జాగ్రత్త. సొంత వకీలుకు రాసిన మెయిలును ఎవరెవరికి నకలు పెడుతున్నారో పంపే ముందు ఒక్కో పేరూ చదవండి. సరుకు అమ్మినవారికో, బ్యాంకు మేనేజరుకో నకలు పెట్టాక అది రహస్యం అని వాదించడం కష్టం. ఎదుటి వకీలు పెట్టిన మెయిలుకు 'అందరికీ జవాబు' నొక్కడం ఇంకా ప్రమాదం. వాట్సాప్‌లో వకీలు గారికి నమస్కారం బొమ్మలు పంపే అలవాటు మానుకోలేనివారు కనీసం కేసు సంగతులు అక్కడ రాయకండి.

పంపడం

ముఖ్యమైన ఉత్తరం మెయిలులో పంపినా, కాగితం మీద కూడా పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది, కాబట్టి స్పీడ్ పోస్టు చేసి, అందినట్టు రుజువు కావాలని కౌంటరులో అడిగి తీసుకోండి. చేత్తో ఇచ్చేటప్పుడు మీ నకలు మీద చాంబరులో ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. గుమాస్తా సంతకం చేసినా సరే. ఆయన పేరు కూడా అడిగి పక్కన రాసుకోండి, మళ్లీ ఫోను చేసినప్పుడు పేరు పెట్టి గారు అని పిలవడానికి.

కవరు తిరిగి వస్తే చించకండి. దాని మీద 'చిరునామాలో లేరు' అనో 'తీసుకోలేదు' అనో పోస్ట్‌మన్ రాసిన మాటతో, అతికించింది అతికించినట్టే, ఆ ఉత్తరం నకలుతో కలిపి కట్టలో పెట్టేయండి.